బందరు డబ్బు

బందరు కోట శిథిలాల నడుమ నిలబడితే ఉప్పుగాలి మొహాన కొడుతుంది. 1759లో ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు గెలుచుకున్న కోట ఇదే. 1766లో నిజాముతో ఒడంబడిక కుదిరి, ఉత్తర సర్కారులు కుంపిణీ పరమయ్యాయి. రాజ్యం సరే, చిల్లర కావద్దూ?

సర్కారుల కోసమని 1794 తేదీతో రాగినాణేలు వేయించారు. ఎక్కడనుకున్నారు? బర్మింగ్‌హాంలో, బౌల్టన్‌గారి ఆవిరియంత్రాల మీద! నలభైయెనిమిదైతే రూపాయి. అప్పుడు ప్రత్యేకంగా అచ్చొత్తిన మచ్చునాణేలు నేటికీ సేకర్తల పెట్టెల్లో మెరుస్తున్నాయి.

వాటిమీద ఇంగ్లీషుంది, లాటినుంది. తెలుగక్షరం ఒక్కటీ లేదు. అయితేనేం? రాగికాసును మనవాళ్లు 'డబ్బు' అన్నారు. దొరలూ 'డబ్' అనే రాసుకున్నారు.

కుంపిణీ పోయింది, కాసూ పోయింది. మాట మాత్రం మన జేబుల్లో ఇంకా గలగలలాడుతోంది.