కుర్చీ లేని కొలువు

లిప్‌స్టిక్ కొనడానికి వెళ్తాం. నాలుగు రంగులు చూపించమంటాం. ఐదోది బాగుందంటాం. చివరికి 'మళ్లీ వస్తాంలే' అని బయటపడతాం. మనం వెళ్లిపోయాక కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఏం చేస్తుంది? అది చూద్దామనే హైదరాబాద్ కోఠిలో ఓ సౌందర్య సాధనాల దుకాణంలో ఒక రోజంతా ఉన్నాను. ఉన్నాను అనడం కన్నా నిలబడ్డాను అనడమే నిజం!

ఉదయం పదింబావు. సుల్తాన్ బజార్ ఇంకా ఒళ్లు విరుచుకుంటోంది. సగం షట్టర్లు పైకి, సగం కిందికి. తోపుడుబండి మీద హెయిర్ క్లిప్పులు సర్దుకుంటున్నాడో కుర్రాడు. బ్రిటిష్ రెసిడెంటు ఉండే భవనం పక్కన పెరిగింది కాబట్టి ఒకప్పుడు దీన్ని రెసిడెన్సీ బజార్ అనేవారు. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అయింది. ఆ భవనం ఉన్న ఆవరణే తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. ఇంతమంది ఆడపిల్లలు చదువుకునే చోట గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లల కొట్లకు కొదవుంటుందా? కాలం మారింది. రిబ్బన్ల పక్కకి ఫౌండేషన్లూ, ప్రైమర్లూ వచ్చి చేరాయి.

నేను వెళ్లింది రెండంతస్తుల దుకాణం. షాపు పేరు రాయకూడదన్న షరతు మీద యజమాని ఒప్పుకున్నారు. మా పేర్లు కూడా రాయొద్దని అమ్మాయిలు బతిమాలారు. అందుకే ఈ కథలో పేర్లుండవు.

నాకు పని నేర్పే బాధ్యత ఇరవై మూడేళ్ల అమ్మాయికి అప్పగించారు. మిర్యాలగూడ దగ్గర పల్లె. డిగ్రీ అయింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటోంది. "ముందుగాల అద్దాలు తుడవాలక్కా. అద్దం మురికిగుంటే మనిషి ముఖం మంచిగ కనవడదు. ముఖం మంచిగ లేకపోతే ఏదీ కొనరు" అంది నా చేతికి గుడ్డ అందిస్తూ. మొదటి పాఠం అదే!

చెయ్యే పలక

అద్దాలయ్యాక టెస్టర్లు. అంటే అమ్మకానికి కాదు, చూసుకోవడానికి పెట్టిన శాంపిళ్లు. ఒక్కోదాని మూత తీసి, కొనలు తుడిచి, మళ్లీ నంబరు ప్రకారం పెట్టాలి. నిన్న ఉన్న టెస్టరు ఇవాళ ఉండకపోవచ్చు. ఎవరి బ్యాగులోకి పోయిందో సీసీ కెమెరాకే తెలియాలి. తర్వాత సరుకు లెక్క, గడువు తేదీలు చూడటం. పదకొండుకల్లా జుట్టు చెదరకుండా, పెదాలకు రంగుతో, చిరునవ్వుతో సిద్ధంగా ఉండాలి.

మొదటి బేరం... ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. లిప్‌స్టిక్ నేరుగా పెదాలకు పెట్టుకోబోతే మా అమ్మాయి సుతారంగా ఆపింది. ఒకరి పెదాలకు తగిలింది ఇంకొకరు పెట్టుకోకూడదు కదా! వాళ్ల చేతి మీద గీస్తానంటే వాళ్లకేమో క్లాసుంది, మరక అవుతుందట. దాంతో తన ఎడమ చెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎరుపు, ఇటుక రంగు, గులాబీ, వంకాయ రంగు... పలక మీద బలపంతో గీసినట్టు గీతలే గీతలు. మధ్యాహ్నానికి ఆ చేతి మీద చోటు లేదు. దూదితో తుడవడం, మళ్లీ గీయడం. సాయంత్రానికి చర్మం పొడిబారి తెల్లగా పొట్టు లేచింది. "రాత్రి కొబ్బరినూనె రాస్తా" అంది. ఆమె వెనకాల అరలో పదిహేను రకాల మాయిశ్చరైజర్లున్నాయి!

ఆ అరల్లో చరిత్ర కూడా ఉంది. 1952లో టాటాలు మొదలుపెట్టిన లాక్మే పేరు ఓ ఫ్రెంచి సంగీత నాటకం నుంచి వచ్చింది. అది మన 'లక్ష్మి'కి ఫ్రెంచి పలుకుబడే. మనవాళ్లు విదేశీ సౌందర్య సాధనాల కోసం డబ్బు బయటికి పంపడం ఇష్టంలేక నెహ్రూయే టాటాలను అడిగారని చెబుతారు. ఇప్పుడా బ్రాండ్ పక్కనే కొరియా క్రీములు వరసగా నిలబడ్డాయి.

'కొంచెం తెల్లగా...'

మధ్యాహ్నం ఒంటిగంటకి ఓ తల్లీకూతురూ వచ్చారు. వచ్చే ఆదివారం పెళ్లిచూపులు. తల్లి గొంతు తగ్గించి అడిగింది. "కొంచెం తెల్లగా కనిపించేది ఇవ్వమ్మా." కూతురు తలెత్తలేదు.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద మాట మారింది. కౌంటర్ దగ్గర అడిగే మాట మాత్రం అలాగే ఉంది.

మా అమ్మాయి మూడు ఫౌండేషన్లు తీసి ఆ పిల్ల దవడ అంచున మూడు చుక్కలు పెట్టింది. "చెయ్యి రంగు వేరు, ముఖం రంగు వేరు. అందుకే ఇక్కడ చూడాలి ఆంటీ" అంది. రెండు చుక్కలు తెల్లగా తేలాయి. మూడోది చర్మంలో కలిసిపోయి కనపడకుండా పోయింది. "ఇదే సరైనది. తెల్లది పెడితే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితది. ఫొటోల ఇంకా తెలిసిపోతది."

తల్లి వేలు మాత్రం తెల్లటి సీసా వైపే ఉంది. దాని ధర దాదాపు రెట్టింపు. అది అమ్మితే నెల టార్గెట్‌కి ఓ మెట్టు దగ్గరవుతుంది. టార్గెట్ దాటితేనే ఇన్సెంటివ్. జీతమెంతో నాకు చెప్పింది కానీ రాయొద్దంది. అందులో కొంత ఇంటికి పంపాలి. నాలుగడుగుల దూరంలో సూపర్‌వైజర్ చూస్తున్నాడు. మా అమ్మాయి తన ముఖాన్నే చూపించింది. "నాదీ చామనచాయే ఆంటీ. నేను పెట్టుకున్నది ఈ మూడోదే. బాలేనా?"

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి అద్దంలోకి చూసుకుంది. తర్వాత మా అమ్మాయి వైపు చూసి నవ్వింది. మూడో సీసాయే తీసుకున్నారు. వాళ్లు వెళ్లాక సూపర్‌వైజర్ వచ్చి "ఖరీదైనది ఎందుకు పోగొట్టావ్?" అన్నాడు. ఆమె తలొంచుకుని దూదిపింజలు సర్దుకుంది. నాతో మాత్రం ఇలా అంది... "పెళ్లిచూపుల్ల ఆ పిల్ల ముఖం తేడాగా కనవడితే ఎవలకు బాధ అక్కా?"

ఉన్నది ఒక్కటే స్టూలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి నా కాళ్లు మొరాయించాయి. పాదాలు మండుతున్నాయి. పిక్కలు రాళ్లలా అయ్యాయి. అమ్మాయిలు వంతులవారీగా మెట్లకింద గదిలో గబగబా టిఫిన్ బాక్సులు ఖాళీ చేసి వచ్చేశారు. కౌంటర్ ముందు మెత్తటి స్టూలు ఒకటుంది. కూర్చోబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. అది మేకప్ వేయించుకునే కస్టమర్లది!

షాపు ఖాళీగా ఉన్నప్పుడైనా కూర్చోవచ్చు కదా అని యజమానిని అడిగాను. ఆయనేం చెడ్డమనిషి కాదు. "కూర్చుని కనిపిస్తే కస్టమర్‌కి మర్యాద ఇవ్వట్లేదనుకుంటారమ్మా" అన్నారు. అంటే కుర్చీ లేకపోవడానికి కారణం... మనమేనన్నమాట!

ఈ మాటకు కేరళ అమ్మాయిలు ఎప్పుడో జవాబు చెప్పారు. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లను దర్జీ పని చేసే విజి కూడగట్టారు. మొదట మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చి దుకాణాల్లో సిబ్బందికి కూర్చునే వీలు కల్పించాలంది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. ఈ సంగతి చెబితే మా అమ్మాయి పకపకా నవ్వింది. "కూసుంటందుకు గూడ చట్టం గావాల్నా అక్కా?" అప్పుడు నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం రద్దీ. ఒకాయన భార్య ఇచ్చిన ఖాళీ డబ్బా పట్టుకొచ్చి 'ఇదే... అచ్చం ఇదే' అని మూడుసార్లు చెప్పాడు. ఒకావిడ అరగంట సేపు ఎనిమిది రంగులు చూసి, నచ్చినదానికి ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. ఆన్‌లైన్లో తక్కువకొస్తుందట! మా అమ్మాయి ముఖంలో చిరునవ్వు చెదరలేదు. ఎనిమిది మూతలూ పెట్టి, ఎనిమిది గీతలూ తుడుచుకుంది. ఆ అరగంట ఆమె టార్గెట్ లెక్కలోకి రాదు.

రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ పడింది. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఆర్టీసీ బస్సెక్కాం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు టికెట్ తీసేశాక నెలకింత మిగులుతోందని వేళ్ల మీద లెక్క చెప్పింది. మలక్‌పేటలో ఓ సీటు ఖాళీ అయింది. నన్ను కూర్చోమంది. 'పొద్దుట్నుంచీ నిలబడ్డావ్, నువ్వే కూర్చో' అన్నాను.

"వద్దక్కా. ఇప్పుడు కూసుంటే మళ్ల లేవబుద్ధి గాదు."

కమ్మీ పట్టుకున్న ఆమె ఎడమ చేతి మీద, ఎంత తుడిచినా పోని గులాబీ గీత ఒకటి మిగిలే ఉంది.

ఈసారి లిప్‌స్టిక్ కొనడానికి వెళ్లినప్పుడు ఒక్క మాట అనండి. 'నువ్వు కూర్చోమ్మా, కావాలంటే పిలుస్తాం' అని. యజమానికి వినపడేలా అంటే ఇంకా మంచిది!