రెండో బంతి

పెళ్ళిభోజనాల్లో ఉన్నట్టే అమెరికావాళ్ళ సాకర్‌లోనూ మొదటి బంతి, రెండో బంతి ఉన్నాయండోయ్! శాక్రమెంటో రిపబ్లిక్‌ది రెండో బంతి. 2022లో ఓపెన్ కప్ పోటీల్లో ఆ జట్టు మొదటి బంతివాళ్ళని ముగ్గుర్ని వరసగా ఓడించింది: శాన్ హోసే, లాస్ ఏంజెలెస్ గెలాక్సీ, కాన్సస్ సిటీ. ఫైనల్లో మాత్రం ఓర్లాండో 3-0తో గెలిచింది.

"అయితేనేం, ఇక పై లీగులోకి వెళ్తారుగా!" అన్నాను మా అమ్మాయితో.

"గెలిస్తే రానివ్వరమ్మా. కోట్లకొద్దీ డాలర్లు కట్టాలి" అంది.

2019లో పిలిచి విస్తరి వేశారట. 2021లో డబ్బు పెట్టే పెద్దమనిషి తప్పుకోగానే ఆ విస్తరి కాస్తా లేచిపోయింది. అయినా ఆ పిల్లలు ఫైనల్ ఓడాక కూడా బుద్ధిగా తమ చిన్న లీగు ఆటలకే వెళ్ళారు.

వంటంతా చేసి ఆఖరి బంతిలో కూర్చునే మనకి ఆ మనసు తెలియదూ? చోటు ఎక్కడైతేనేం, చేతిరుచి మనదే కదా!