గుప్పిట విప్పకండి

1984లో మా బావగారి పాత బుల్లెట్టు నా చేతికొచ్చింది. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చెయ్యడం ఓ వ్రతమే ననుకోండి. ఆంపియరు మీటరు ముల్లు నడిమి కొచ్చేదాకా కిక్కరు మెల్లగా తొక్కాలి. డీకంప్రెసరు మీట పట్టి పిస్టను మరికాస్త దాటించాలి. మీట వదిలి, కిక్కరు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. తొందరపడితే అదే తిరిగి తంతుంది. వారంరోజులు కుంటి, మెట్లమీద జారానని ఆఫీసులో చెప్పుకున్నాను.

మా వీధి మెకానిక్కు పెద్దవాడు. "స్టార్టు సరే బాబుగారూ, ఆపడం వచ్చా?" అన్నాడు. బ్రేకు చూపించాను. నవ్వాడు.

"ఏక్సిలరేటరు పట్టేస్తే బ్రేకొక్కటే చాలదు. ముందు క్లచ్చి గుప్పిట బిగించండి. ఇంజను గోల పెడుతుంది, పెట్టనివ్వండి. గుప్పిట విప్పకండి. బండి ఆగాక తాళం తిప్పండి."

"ఇంజను పాడైపోదూ?"

"ఇంజనుకి నేనున్నానుగా!"

ఆ ఏడే మా ఆవిడతో తెనాలిలో పెళ్ళికి బయల్దేరాను. ఎదర రైలుగేటు పడుతోంది. గేటు ముందు ఎడ్లబండి, అందులో పిల్లలు. ఏక్సిలరేటరు వదిలాను. బండి వినలేదు! క్లచ్చి పట్టాను. అప్పుడు ఇంజను వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏదో తప్పు చేసినట్టు నా చెయ్యి దానంతటదే సడలింది. బండి ముందుకురికింది. మా ఆవిడ గోళ్ళు భుజంలో దిగాయి. పెద్దాయన మాట గుర్తొచ్చి మళ్ళీ బిగించాను. రెండు బ్రేకులూ వేశాను. ఎడ్లబండికి రెండు బారల దూరంలో నిలిచి, బండి ఇంకా కేకలు పెడుతూనే ఉంది. తాళం తిప్పాను.

మా ఆవిడ దిగి, కుచ్చిళ్ళు సవరించుకుని, "ఆ అరుపు బండిదా, మీదా?" అంది.

పెళ్ళికి బస్సులో వెళ్ళాం.

మెకానిక్కు వైరు బయటికి లాగి చూపించాడు. పురి విడి, తెగిన పోగొకటి గొట్టంలో అడ్డుపడింది. వారం ముందునించీ బిగుతుగానే ఉంది. నూనెచుక్క వేస్తే సరిపోతుందిలెమ్మని నేనే ఊరుకున్నాను.

ఆనాటినించీ ఇంజను స్టార్టు చెయ్యకముందే హేండిలు ఈ కొసకోసారి, ఆ కొసకోసారి తిప్పి, రెండుచోట్లా ఏక్సిలరేటరు తిప్పి వదలడం అలవాటైంది. టక్కుమని వెనక్కి రావాలి. ఇప్పుడు మా అబ్బాయి బండికి కుడిచేతి బొటనవేలి దగ్గరే ఎర్రమీట ఉంది, నొక్కితే ఇంజను ఆగిపోతుంది. అయినా ఆ టక్కు చెవిన పడందే మా ఆవిడ వాడి వెనక సీటెక్కదు.