అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్న

కిందటి వేసవిలో మా ఆవిడకు ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రివారు రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, మీవాళ్లెవరిచేతనైనా ఇప్పించి ఆ బాకీ తీర్చమన్నారు. నాకు 66. 65 దాటినవారి రక్తం తీసుకోరట. ఈ బరంపురంలో పిలిస్తే పలికే బంధువు మా మేనల్లుడొక్కడే. పాపం, డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు.

కాగితం నింపుతూ ఒకచోట ఆగాడు. కాసేపు అలాగే కూర్చుని, ఏదో టిక్కు పెట్టి ఇచ్చాడు. అది చూసిన అమ్మాయి, మీది తీసుకోము, ఇప్పుడే కాదు, ఎప్పటికీ తీసుకోము అని ఒడియాలో మెల్లగా చెప్పింది.

కారణం వరండాలో వాడే చెప్పాడు. పురుషులతో సంబంధమున్న పురుషుడివా అన్నది ప్రశ్న. 34 ఏళ్లు నా కళ్లముందు పెరిగినవాడి సంగతి నాకా కాగితంవల్ల తెలిసింది.

అప్పుడు నేనన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "కాదని పెట్టేస్తే పోయేదిగదరా! ఎవరు చూడొచ్చారు?"

"ఆ రక్తం ఎక్కేది అత్తయ్యలాంటివాళ్లకే గదా మామయ్యా! అబద్ధమాడి ఎట్లా ఇవ్వను?" అన్నాడు.

తర్వాత వాకబు చేశాను. ఇది 2017లో కేంద్రం తెచ్చిన రక్తదాతల మార్గదర్శకాల్లోని నిబంధన, ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తుంది. భయం ఉత్తదని నేననను. ఇచ్చిన ప్రతి రక్తాన్నీ పరీక్షిస్తారుగాని, హెచ్‌ఐవి సోకిన తొలిరోజుల్లో పరీక్షకు దొరకదు. కాని పచ్చబొట్టు పొడిపించుకున్నవాణ్ణి 12 నెలలు, మలేరియా తగ్గినవాణ్ణి 3 నెలలు ఆగమన్న పుస్తకమే, వీణ్ణి జన్మంతా ఆగమంది. ఒకరితోనే ఉంటున్నావా, జాగ్రత్తగా ఉంటున్నావా అని మాటవరసకైనా అడగలేదు.

బ్రిటన్‌లో 2021 జూన్ 14 నుంచి ఆడా మగా అందరినీ ఒకే తీరున, గత 3 నెలల నడవడి అడుగుతున్నారు. కెనడా 2022లో, అమెరికా 2023లో అదే దారికి వచ్చాయి. మనదేశంలోనూ 2021లో మణిపూర్‌కు చెందిన శాంతా ఖురై ఈ నిబంధనమీద సుప్రీంకోర్టుకెక్కారు. నిపుణుల సలహా తీసుకోమని 2025 మేలో కోర్టు కేంద్రానికి చెప్పింది.

మా బాకీ వాడి ఆఫీసు స్నేహితులిద్దరు తీర్చారు. ఇంటికొచ్చాక మా ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నిజం చెప్పినవాణ్ణి పంపేశారు సరే, తక్కినవాళ్ల మాట ఏ ధైర్యంతో నమ్ముతారండీ?" అంది.

నాకు జవాబు తోచలేదు. ఆదివారం వాణ్ణి భోజనానికి పిలిచాం. నేనన్న మాటకు నొచ్చుకోవద్దని వడ్డనవేళ చెప్పాను. వాడు నవ్వి, పప్పు మరికాస్త వేయించుకున్నాడు.