ఆఖరి మనిషి వచ్చేదాకా టిఫిన్ లేదు!

విశాఖపట్నం బీచ్ రోడ్డును చాలామంది సాయంత్రంపూటే చూస్తారు. మురీ మిక్చర్ బళ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తుల పొగ, గుర్రమెక్కుతానని మారాం చేసే పిల్లలు... అదీ అందమే, కాదనం. కానీ ఈ రోడ్డు అసలు రూపం చూడాలంటే వేకువనే రావాలి. ఆ వేళ కోస్టల్ బ్యాటరీ నుంచి చాలా దూరం వాహనాల్ని రానివ్వరు. హారన్ల మోత లేకపోతే సముద్రం ఎంత దగ్గరగా వినిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంకా నల్లగానే ఉంటుంది. నీళ్లమీద మాత్రం ఓ ఎర్రటి గీత.

మా రన్నింగ్ క్లబ్బు అడ్డా కాళీమాత గుడి ఎదురుగా. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. అధ్యక్షుడు లేడు, చందా లేదు, బోర్డు అసలే లేదు. ఓ ముప్ఫైమందిమి. పోర్టు ఉద్యోగులు, నేవీవాళ్లు, ఇద్దరు డాక్టర్లు, ఇంజినీరింగ్ కుర్రాళ్లు, కర్రీ పాయింట్ నడిపే ఒక అక్క. ఉన్నదల్లా ఒకటే రూలు. ఆదివారం ఎవరెంత వేగంగా పరుగెత్తినా, ఆఖరి మనిషి వచ్చేదాకా టిఫిన్‌కి కదలకూడదు. ఆకలితో ఉన్నవాడికి ఇది ఎంత కఠినమైన రూలో వేరే చెప్పాలా!

కిలోమీటరు రాళ్లతో మాకు పనిలేదు. 'కురుసుర దగ్గర నీళ్లు, వుడా పార్కు దగ్గర మలుపు' అనుకుంటాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డునున్న ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మాకు మంచినీళ్ల గుర్తు. వుడా పార్కుకు పేరు మారినా మా నోట పాత పేరే. ఓపికున్నవాళ్లు లాసన్స్ బే, పెద జాలరిపేట దాటి తెన్నేటి పార్కుదాకా పోతారు. కైలాసగిరి కింద రోడ్డు ఎత్తెక్కుతుంది. అక్కడిదాకా ఆగకుండా కబుర్లు చెప్పినవాళ్లు కూడా గప్‌చుప్!

ఇక్కడ పరుగుకి అసలు శత్రువు ఎండ కాదు, తేమ. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్‌లో అలవోకగా పరుగెత్తేవాళ్లు కూడా ఇక్కడ మొదటిరోజు నాలుక బయటపెడతారు. అందుకే చీకటితోనే మొదలెట్టడం, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, చివర్లో కొబ్బరిబోండం. బోండాలమ్మే అవ్వకి మాత్రం మేమంటే ఇప్పటికీ జాలే. "ఏటి బావూ, ఎవులైనా తరుముతన్నారేటి?" అంటుంది.

పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే మంచిదంటారు. దానివల్ల గుండెకి జరిగిన మేలెంతో గానీ, స్నేహాలకి మాత్రం చాలా మేలు జరిగింది. పక్కపక్కన పరుగెత్తుతుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు. అందుకే కాబోలు, ఎదురుగా కూర్చుంటే పెదవి దాటని సంగతులు ఆ రోడ్డుమీద బయటపడతాయి. తప్పిపోయిన ప్రమోషన్, కుదిరి చెడిన సంబంధం, ఇంట్లో చెప్పని అప్పు...

2014 అక్టోబరు 12. అదీ ఆదివారమే. ఆరోజు పరుగులేదు, హుద్‌హుద్ వచ్చింది. చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. పచ్చటి కైలాసగిరి కాలిపోయినట్టు గోధుమరంగుకి తిరిగింది. కరెంటు లేదు, ఫోన్లు పలకవు, పెట్రోలు దొరకదు, ఏ వీధికెళ్లినా అడ్డంగా మానులు. అప్పుడు మావాళ్లకి అక్కరకొచ్చింది కాళ్లే. ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పరుగెత్తి క్షేమం కనుక్కున్నారు. ఫలానావాళ్లు బాగానే ఉన్నారన్న కబురు అలా చేతులు మారుతూ ఊరంతా తిరిగింది. ఆ కబురు ఎక్కువ ఇళ్లకి మోసింది మా మాస్టారు.

ఆయన లెక్కల మాస్టారు. రిటైరయ్యాక, 62వ ఏట, డాక్టరు నడవమంటే వచ్చారు. నడక పరుగైంది, పరుగు 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌దాకా వెళ్లింది. మా చేతులకి జీపీఎస్ వాచీలు రాకముందు కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటితోనే చెప్పేసేవారు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి మమ్మల్ని వెంటేసుకెళ్లేదీ ఆయనే. 32 కిలోమీటర్లు, వట్టి కాళ్లతో, రాత్రంతా నడక. బీచ్ రోడ్డుమీద మాకు అందనివాళ్లు అక్కడ అరికాళ్లు పట్టుకుని కూలబడటం చూసి ఆయన తెగ నవ్వేవారు.

రెండేళ్లుగా ఆయన మరిచిపోతున్నారు. మొదట లెక్కలు తప్పాయి. వయసు కదా అనుకున్నాం. తర్వాత పేర్లు. ఒక ఆదివారం ఎంతసేపటికీ రాలేదు. వెతగ్గా వెతగ్గా, మలుపు తిరగాల్సినచోట తిరగకుండా ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లి, ఓ అరుగుమీద కూర్చుని కనిపించారు. ఇంట్లోవాళ్లు ఇక బయటికి పంపలేదు. మూడు నెలలయ్యాక వాళ్లావిడే కబురుచేశారు. "హాల్లో గోడలచుట్టూ తిరుగుతున్నారు నాయనా. మీరొచ్చి తీసుకెళ్తే పంపిస్తాను. ఒక్కర్నీ మాత్రం వదలొద్దు" అన్నారు.

అందరూ వెంటనే సరే అనలేదు. దారిలో ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదని మా డాక్టర్లలో ఒకరు నిలదీశారు. ఆయన అడిగింది న్యాయమే. మారథాన్‌కి తయారవుతున్న కుర్రాళ్లకి ఆదివారం లాంగ్ రన్ పోతుందన్న దిగులు. అదీ చిన్నదేం కాదు, వాళ్లకున్న సెలవు ఆ ఒక్కరోజే. రెండు వారాలు వాదించుకున్నాక ఒక ఒప్పందానికొచ్చాం. ఆయనకి ఐదు కిలోమీటర్లే. దారి మార్చకూడదు. జేబులో ఇంటి ఫోన్ నంబరున్న కార్డు ఉండాలి. ఇద్దరు ఇంటికెళ్లి తీసుకురావాలి, ఒకరు ఆయన సముద్రంవైపు, ఒకరు రోడ్డువైపు పరుగెత్తాలి. వంతుల పట్టిక రాసింది నిలదీసిన డాక్టరే.

మా పేర్లు ఆయనకిప్పుడు గుర్తులేవు. బూటు లేసులు మాత్రం చకచకా కట్టుకుంటారు. కాళ్లకి దారి తెలుసు. కురుసుర దగ్గర ఆగి నీళ్లకోసం చెయ్యి చాపుతారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకే ప్రశ్న.

"ఎంత దూరం వచ్చాం?"

"మూడు కిలోమీటర్లు మాస్టారూ. ఇరవై ఏడు నిమిషాలు."

కాసేపు మాటుండదు. బూట్ల చప్పుడే.

"తొమ్మిది... కిలోమీటరుకి తొమ్మిది. అంతేనా?"

"అంతే మాస్టారూ."

"మరీ నిదానం. కాస్త కాలు కదపండి!"