మరిపెడ దారిలో చక్రాలు

వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో మరిపెడ అనే ఊరు ఉన్నది. పూర్వం ఇది వరంగల్లు జిల్లాలోది. 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఊరికి దగ్గరలో ఆకేరు పారుతుంది. అది దిగువన మున్నేరులో కలుస్తుంది. చుట్టుపక్కల పొలాలలో పత్తీ, మిరపా పండుతాయి.

ఈ దారి పక్కన కాసేపు నిలబడితే ఎన్నో రకాల చక్రాలు కనిపిస్తాయి. ట్రాక్టరు వెనక చక్రాలు చాలా పెద్దవి. అవి మెత్తని దుక్కిలో జారకుండా టైర్ల మీద లావుపాటి కట్లు ఉంటాయి. మిరప బస్తాలు మోసే లారీకి వెనక ఒక్కొక్క వైపున జంట చక్రాలుంటాయి. అవి బరువును పంచుకుంటాయి. వెనకటి ఎడ్లబండి చక్రానికి కొయ్య ఆకులూ, చుట్టూ ఇనుప పట్టా ఉండేవి. ఆ పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవారు. ఇనుము చల్లబడి ముడుచుకుని కొయ్యను గట్టిగా బిగించేది. ఏ పనికి తగిన చక్రం ఆ పనికి!

మరి వేగంగా పోయే కార్ల సంగతి? కొందరు కారుతో వచ్చిన చక్రాలు తీసివేసి, తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయిస్తారు. అల్యూమినియంలో సిలికాన్ వంటివి కలిపి వీటిని పోతపోస్తారు. 1924లోనే ఫ్రాన్సులో బుగాటీ పందెపు కారుకు అల్యూమినియం చక్రాలు అమర్చారు. ఇప్పుడు ఇటువంటివి మన విశాఖపట్నంలోనూ తయారవుతున్నాయి. చక్రం తేలికగా ఉంటే గతుకుల మీద చప్పున లేచి దిగుతుంది. టైరు నేలను బాగా అంటిపెట్టుకుంటుంది.

అయితే, అందం చూసి కొంటే చాలదు. టైరు పక్కన కొన్ని అంకెలుంటాయి. 195/65 ఆర్ 15 అని ఉన్నదనుకోండి. టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, అంటే సుమారు 127 మిల్లీమీటర్లు. లోపలి లోహచక్రం అడ్డుకొలత 15 అంగుళాలు. అన్నీ కలిపితే మొత్తం చక్రం 634 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. దీని బదులు 17 అంగుళాల చక్రం కావాలంటే 225/45 టైరు వేస్తారు. మీరే లెక్క కట్టి చూడండి, మొత్తం ఎత్తు దాదాపు అంతే వస్తుంది! అట్లా కాక 215/65 టైరు వేస్తే చక్రం 711 మిల్లీమీటర్లవుతుంది. అప్పుడు వేగం చూపే ముల్లు 60 దగ్గర ఉన్నా, కారు 67 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది.

ఇంకొక సంగతి. లోహచక్రం పెద్దదైనకొద్దీ రబ్బరు గోడ పొట్టిదవుతుంది. మలుపులలో కారు స్థిరంగా తిరుగుతుంది, నిజమే. కాని గుంటలో పడితే దెబ్బంతా లోహానికే తగులుతుంది. చక్రం వంగవచ్చు, పగలవచ్చు కూడా. నున్నని పందెపు బాటకు పనికివచ్చే చక్రం గతుకుల దారికి పనికిరాదు. కొనేముందు బోల్టుల రంధ్రాలు సరిపోతాయా, టైరు కారు బరువుకూ వేగానికీ తగినదేనా అని కూడా చూడాలి.

టైరు మీది గాళ్ళు అందానికి కావు. వానలో చక్రం కింది నీటిని అవి పక్కకు తోస్తాయి. గాళ్ళు అరిగిపోతే టైరుకూ నేలకూ మధ్య నీరు పొరలాగా నిలుస్తుంది. అప్పుడు బ్రేకు వేసినా కారు ఆగక జారిపోతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకముందే టైరు మార్చాలి.

కాని ఎంత ఖరీదైన టైరైనా వరదను గెలవలేదు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ మండలంలోని పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర ఒక కారు కొట్టుకుపోయింది. అందులోని ఇద్దరూ మరణించారు. పారే నీరు రెండడుగులుంటే చాలు, కారును తేల్చి తీసుకుపోతుంది. నేల తాకని చక్రం ఎంత గొప్పదైతేనేం? వంతెన మీద నీరు కనిపిస్తే, తగ్గేదాకా ఆగటమే తెలివి. ఈ మాట బండి నడిపే పెద్దలకు పిల్లలు చెప్పినా తప్పులేదు.