ఖుర్పీకి ఎంత ఉమర్?

మొక్కల షౌఖ్ ఉన్నోళ్ల జేబుకి పెద్ద ఖర్చులు చిల్లు పెట్టవు, చిల్లర ఖర్చులే పెడతాయి. ఒక్క గులాబ్ మొక్క కోసం నర్సరీకి పోతాం. వచ్చేటప్పుడు చేతుల్లో రెండు కుండీలు, వర్మీకంపోస్టు సంచీ, వేపపిండి, నీళ్లు చిమ్మే సీసా, పుదీనా గింజల ప్యాకెట్ ఉంటాయి. అసలు పుదీనాకి గింజలెందుకు? బిర్యానీకి తెచ్చిన కట్టలోంచి నాలుగు కాడలు తీసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పదిరోజుల్లో వేర్లొస్తాయి. మనందరికీ మాలూమే. అయినా ప్యాకెట్ మీద బొమ్మ చూస్తే దిల్ ఆగదు.

నా హిసాబ్‌లో తోట సామాన్లు రెండు రకాలు. ఒక సీజన్‌కే పోయేవి, ఒక తరానికి కూడా పోనివి. ధర చూసి ఏది ఏదో చెప్పలేం.

మా అబ్బా ఖుర్పీ రెండో రకం. నేను పుట్టకముందే నిజామాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న కొలిమిలో చేయించాడట. లారీ కమాన్ పట్టీ ముక్క, తుమ్మకర్ర పిడి, పిడి మొదట్లో ఇనుప పొన్ను, అంతే. అరిగి అరిగి దాని అంచు నెలవంకలా అయింది. కమాన్ పట్టీ అంటే బరువు కింద వంగి మళ్లీ లేచే ఉక్కు. అందుకే కమ్మరోళ్లు దాన్ని వదలరు. మా జిల్లాలోనే ఉన్న కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకి మషూర్. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ నుంచి తాజిర్లు వచ్చేవాళ్లు. దాంతో అక్కడ తల్వార్లు చేసేవాళ్లు. అబ్బా ఈ సంగతి చెప్పి, "మన ఖుర్పీ తల్వార్ ఖాన్‌దాన్‌ది" అని నవ్వేవాడు.

అబ్బా ఇంతెఖాల్ తర్వాత అమ్మీ ఇద్దత్‌లో కూర్చుంది. 4 నెలల 10 రోజులు. గడప లోపల ఆమెకున్న లోకమంతా మా చిన్న ఆంగన్. ఒక మెహందీ చెట్టు, మోతియా, నిమ్మ, కరేపాకు. మొదటి నెల వాటి వైపు చూడనే లేదు. గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది. రెండో నెలలో ఒకరోజు ఫజర్ నమాజ్ అయ్యాక, ఎవరూ చెప్పకుండానే, మూలనున్న ఖుర్పీ తీసి మోతియా పాదులో కూర్చుంది. ఆ వారంలోనే పిడి నిలువునా చీలింది.

హైదరాబాద్‌లో ఉండే తమ్ముడికి తెలిసి ఆన్‌లైన్‌లో అయిదు సామాన్ల సెట్ పంపాడు. 499 రూపాయలు. పచ్చ ప్లాస్టిక్ పిడులు, చేతులకి తొడుగులు కూడా. పాపం, మొహబ్బత్‌తోనే పంపాడు. కానీ మాది నల్లరేగడి, ఎండితే రాయే. మూడో వారానికి కొత్త ఖుర్పీ మెడ వంగిపోయింది.

"ఇది పిల్లలు ఇసుకల ఆడుకునేది" అంది అమ్మీ. "మీ అబ్బాదే బాగు చేయించుకొని రా బేటా."

అబ్బా చేయించిన ఆ కొలిమి ఇంకా ఉంది. చుట్టుపక్కలవి మూతపడ్డాయి. కమ్మరి కాకా ఖుర్పీని తిప్పి తిప్పి చూసి, "ఉక్కుకేం కాలే బిడ్డా, కర్రే సచ్చింది" అన్నాడు. అంచుని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచాడు. తోకని కాల్చి కొత్త పిడిలోకి దించాడు. పొన్ను మాత్రం పాతదే ఎక్కించాడు. 80 రూపాయలు తీసుకున్నాడు. పెద్దకొడుకు గల్ఫ్‌లో వెల్డింగ్ పని, చిన్నోడు ఆటో. "నేనున్నన్ని దినాలే ఈ కొలిమి" అన్నాడు, ఫిర్యాదు లేని గొంతుతో.

ఖుర్పీ ఉమర్ అంటే మనం ఇనుము ఉమర్ అనుకుంటాం. కాదు. దాన్ని బాగు చేసే చేతులున్నంత కాలమే దాని ఉమర్. పాత సామాను పోయిందని బాధపడతాం గానీ, ముందు పోయేది కొలిమి. మీ ఊళ్లో కొలిమి ఉంటే ఇప్పుడే ఓసారి ఇంట్లో మొద్దుబారినవన్నీ పట్టుకెళ్లండి.

మిగతాది మన చేతిలోనే ఉంది. వాడిన వెంటనే మట్టి కడిగి, తుడిచి, నీడలో పెట్టాలి. తుప్పు పడితే ఒక రాత్రి సిర్కాలో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కడిగి, బాగా ఆరాక నూనె రాయాలి. కర్రపిడికి ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పట్టిస్తే తొందరగా చీలదు. కొత్తది కొనేటప్పుడు రంగు కాదు, పిడీ ఇనుమూ కలిసేచోటు చూడండి. సన్నటి రేకు, ఒక్క వెల్డింగ్ చుక్క మీద నిలబడితే వదిలేయండి. కొమ్మల కత్తెరైతే నట్టు విప్పి పదును పెట్టుకునేది తీసుకోండి.

ఇంకో మాట. ఆంగన్ మీద స్లాబ్ వేసి రెండు గదులు కిరాయికిద్దామని తమ్ముడి మష్వరా. అందులో తప్పేం లేదు. అమ్మీ దవాఖానా ఖర్చులు వెళ్లిపోతాయి. అమ్మీ హా అనలేదు, నహీ అనలేదు. ఇద్దత్ ఇంకా పూర్తికాని రోజుల్లోనే గల్లీలోకి మొక్కల బండి వస్తే, తలుపు చాటు నుంచే నాతో ఒక అనార్ మొక్క కొనిపించింది. 60 రూపాయలు. గుంత పక్కింటి పిల్లగాడు తవ్వాడు. మట్టి మాత్రం అమ్మీయే ఖుర్పీతో సర్దింది.

"ఎప్పుడు కాస్తది అమ్మీ?"

"మూడేండ్లకు, ఇన్షాల్లా" అంది, తలెత్తకుండా.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్‌లో ఆ ఒక్కమాటే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అనార్‌కి ఎరువేం వేయాలి అప్పా?" అని అడిగాడు.